చివరిదాకా చూసినవారు

సగం బొమ్మ, ఒక్క సెకను, అంతే చాలట ఫోనులో ప్రకటన చూసినట్టు లెక్క వేయడానికి, అదే కదిలే బొమ్మయితే రెండు సెకన్లు, ఆ రెండు సెకన్లలో మనిషి తుమ్మినా, పక్కవాళ్ళతో మాట్లాడుతున్నా, బస్సు దిగుతూ ఫోను జేబులో పెట్టుకుంటున్నా సరే, నాన్న వీడియోలో సగం ఆ ఫోను తెర మీద రెండు సెకన్లు ఉంటే చాలు, చూసినట్టే, ప్రింటు షాపాయన మొదటి రోజే చెప్పాడు, చూడటం వేరమ్మా, చూసినట్టు వేరు, మనకి లెక్కకొచ్చేది రెండోదే, అని నవ్వాడు, నేను నవ్వలేదు, ఆయన ముందు నాకు తల ఎత్తడమే కష్టం, కింద పడి ఉన్న కాగితం ముక్కల్ని చూస్తూ ఊ అన్నాను, ఇప్పుడు అమ్మ మర్చిపోయిన అన్నం డబ్బా పట్టుకుని ఆమె పనిచేసే ఆసుపత్రి వైపు నడుస్తూ రోడ్డు మీద మనుషుల్ని కూడా అలాగే చూస్తున్నాను, గొడుగు కింద ఆవిడ సగమే కనిపించింది, ఒక సెకను, చూసినట్టే, సైకిలు మీద ఇద్దరు, వెనక కూర్చున్నవాడి చెవి ఒక్కటే కనిపించింది, చెవి సగం కాదు కాబట్టి లెక్కలోకి రాదు, సిమెంటు బస్తా మోస్తున్న మనిషి వీపు, ఈ వీపు మాత్రం పూర్తిగా చూశాను, ఇరవై నాలుగు రోజులుగా నేను చూసేవి వీపులే, వెనకనుంచి అన్నీ నాన్నవే, ఇటు తిరిగాక ఒక్కటీ కాదు.

నాన్న నీళ్ళ మీటర్లు చూసేవాడు, ఇంటింటికీ వెళ్ళి, గేటు పక్కన మట్టిలో కూరుకున్న మూత ఎత్తి, వంగి, అద్దం మీద మురికి బొటనవేలితో తుడిచి, అంకెలు పుస్తకంలో రాసుకునేవాడు, ఇరవై రెండేళ్ళు అదే పని, అందుకే నడుము కాస్త ముందుకి వంగి ఉంటుంది, ఊరికే నిలబడ్డా ఏదో పడిపోతే వెతుకుతున్నట్టు ఉంటాడు, పోయినేడాది ఒకరింటి మెట్లమీంచి జారాడు, తల వెనక కుట్లు పడ్డాయి, కుట్లు మానాయి గానీ లోపల ఏదో మానలేదు, మొదట వారాల పేర్లు మర్చిపోయాడు, తర్వాత వీధులు, ఉద్యోగంలోంచి ఇంటికి పంపేశారు, ఒకరోజు నా పేరు కోసం చాలాసేపు వెతుక్కుని చివరికి గుసగుసా అని పిలిచాడు, నా మాట నా నోట్లోనే ఉండిపోతుందని చిన్నప్పుడు ఆయనే పెట్టిన పేరు, అసలు పేరు పోయి అది మిగిలింది, ఏడవాలో సంతోషించాలో తెలియక గ్లాసుతో నీళ్ళు తెచ్చిచ్చాను, ఇరవై నాలుగు రోజుల కిందట పొద్దున లేని ఉద్యోగానికి వెళ్ళినట్టే వెళ్ళాడు, పాత పుస్తకం చంకలో, పెన్సిలు చెవి మీద, నేను గడపలో కూర్చుని డైరీ రాసుకుంటున్నాను, ఎక్కడికి నాన్నా అని అడిగాననే అనుకుంటాను, అడిగే ఉంటాను, కానీ నా మాట నాకే సరిగ్గా వినిపించదు, నడుస్తున్న మనిషికి ఏం వినిపిస్తుంది, ఆయన కాళ్ళు నా డైరీ పక్కనుంచి దాటి వెళ్ళాయి, పోలీసు స్టేషన్లో ఏ రంగు చొక్కా అని అడిగితే చెప్పుల సంగతి చెప్పాను, గోధుమరంగువి, కుడిదానికి పట్టీ మళ్ళీ కుట్టించాం అన్నాను, నేనడిగింది చొక్కా తల్లీ, అన్నాడు రాసుకుంటున్నాయన, అమ్మ నా వైపు చూసింది, తిట్టలేదు, తిట్టినా బాగుండేది.

ప్రకటన అన్నది ప్రింటు షాపాయన, గోడకి కాగితాలంటిస్తే ఒక వానకి పోతాయి, ఫోన్లలో వేద్దాం, ఎంతమంది చూశారో ఏ పూటకాపూట లెక్క కూడా వస్తుంది అన్నాడు, ఆ లెక్క అన్న మాట దగ్గరే నేను పడిపోయాను, చొక్కా రంగు చెప్పలేనిదాన్ని లెక్కయినా రాయగలను కదా అనుకున్నాను, నా ఫోనులో నాన్న వీడియో ఉంది, కొత్తగా చేరినతనికి మీటరు చూడటం నేర్పుతుంటే నేను పక్కన నిలబడి తీసింది, ముప్పై నాలుగు సెకన్లు, మూత, మట్టి, బొటనవేలు, అంకెలు, చివర్లో నా వైపు తిరిగి, అర్థమైందా, అర్థం కాకపోతే మళ్ళీ మొదటినుంచి చూపిస్తా, అని నవ్వుతాడు, షాపాయన దాన్ని రెండుసార్లు చూసి పెదవి విరిచాడు, ముఖం ఏడో సెకనుకి గానీ రావట్లేదమ్మా, ఏడో సెకనుదాకా ఎవడుంటాడు, జనం రెండో సెకన్లోనే పారిపోతారు, ముఖం తెచ్చి ముందు పెట్టు అన్నాడు, పెట్టాను, నాన్న తల పనికన్నా ముందు వచ్చేలా కోసి అతికించాను, కనబడుట లేదు అని అక్షరాలు, కింద మామయ్య నంబరు, ఇతరుల వీడియోల మధ్యలో ఇది వస్తుంది, నొక్కితే మా పేజీకి వెళ్తుంది, అక్కడ మొత్తం వీడియో ఉంటుంది, ఎవరు ఏ ఊరినుంచి వచ్చారో, ఎంతసేపు ఉన్నారో, వచ్చిన ఫోనే మళ్ళీ వచ్చిందో పేజీ రాసిపెడుతుంది, రోజూ సాయంత్రం అన్నాల దగ్గర కూర్చుని చదివేదాన్ని, ఇంట్లో ఇంత పెద్దగా నేనెప్పుడూ మాట్లాడలేదు, చూపించినవి అరవై ఒక్క వేలు, చూసినట్టు ఇరవై మూడు వేలు, పావు దాకా చూసినవారు తొమ్మిది వందలు, సగం దాకా నూట నలభై, ముప్పావు దాకా పదకొండు, మామయ్య వేళ్ళు నాకుతూ, ఏమే, సినిమా కలెక్షన్లు చదువుతున్నావా, ఈ లెక్కన మా బావ హీరో అయిపోయాడు అన్నాడు, నవ్వకురా అంది అమ్మ, నవ్వకపోతే ఏం చేయమంటావక్కా, చెప్పు, అదీ చేస్తా, అన్నాడు, నేను ఆఖరి వరుస చదివాను, చివరిదాకా చూసినవారు, సున్నా.

ఆ సున్నా గుండ్రంగా ఉండదు, దానికి మొనలుంటాయి, రోజూ ఒకటే సున్నా, ఇరవై మూడు వేలమంది నాన్న ముఖం మీంచి వేలితో జరిపేశారు, అంటే ఇరవై మూడు వేల వేళ్ళు, బల్ల మీద పడిన మెతుకుని ఊడ్చినట్టు, వాళ్ళ తప్పేం లేదు, నేను కూడా ఎంతమందిని జరిపెయ్యలేదు, తప్పిపోయిన పిల్లలు, కాళ్ళు లేనివాళ్ళు, ఆపరేషనుకి సాయం అడిగేవాళ్ళు, అందరినీ ఒక వేలితో, వాళ్ళింట్లోనూ నాలాంటిది ఒకతి కూర్చుని సున్నా చదివే ఉంటుంది, ప్రకటన వేసిన పదో రోజు అన్నం సగంలో లేచిపోయాను, పెరట్లో నీళ్ళ డ్రమ్ము పక్కన మోకాళ్ళ మీద తల పెట్టుకుని కూర్చున్నాను, ఎవరూ పిలవలేదు, పిలవకపోతేనే బాగుంటుందని అమ్మకి తెలుసు, పదకొండో రోజు సాయంత్రం పేజీ తెరిస్తే సున్నా లేదు, ఒకటి ఉంది, చివరిదాకా చూసినవారు ఒకరు, మధ్యాహ్నం ఒంటిగంట నలభై ఆరుకి, మర్నాడు మళ్ళీ అదే ఫోను, ఒంటిగంట నలభై ఐదుకి, నాలుగుసార్లు వరసగా, ఆ మర్నాడు ఆరుసార్లు, ఊరు అన్నచోట రేవు పట్నం పేరు, ఇక్కడికి ఒక పగలూ ఒక రాత్రీ దూరం, పెళ్ళికి ముందు నాన్న రెండేళ్ళు పనిచేసింది ఆ రేవులోనే, మీటర్ల పని రాకముందు, కొత్తవి పోయినా పాతవి మిగులుతాయని డాక్టరు అన్నాడు కదా అని మామయ్య లేచి నిలబడ్డాడు, నాన్న దగ్గర ఫోను లేదు, కానీ ఎవరో చేరదీసి ఉండొచ్చు, అన్నం పెట్టి ఉండొచ్చు, ఇదిగో నీ బొమ్మ అని చూపిస్తే తీసుకుని మళ్ళీ మళ్ళీ చూసుకుంటూ ఉండొచ్చు, ఇది ఎవరి ముఖమో తెలియక, మధ్యాహ్నం రెండింటికి ముందు అంటే మీటర్లు ముగించుకుని ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కునే వేళ, సరిగ్గా ఆ వేళ, నేను గంతులేశాను, నిజంగానే, పదిహేడేళ్ళ పిల్ల అన్నం కంచాల మధ్య గంతులేసింది, అమ్మ నా వైపే చూసి నవ్వింది, చాలా రోజుల తర్వాత, మామయ్య వారం సెలవడిగితే వాళ్ళ కొట్టు యజమాని ఐదు రోజులిచ్చాడు, ప్రకటన మొత్తం ఇక్కడ ఆపేసి రేవు పట్నానికి మార్చేశాను, నేనే, ఈ వేలితోనే.

ఇవాళ ఐదో రోజు, మామయ్య రోజూ ఫోను చేస్తాడు, ఇక్కడ మనుషులకన్నా లారీలెక్కువే, అన్నాడు మొదటి రోజు, రెండో రోజు ఒక టీ కొట్టాయన చూశానన్నాడు, ఎక్కడ బాబూ అని చెయ్యి పట్టుకుంటే, ఆ మనిషికి మూడు వేళ్ళే కదా అన్నాట్ట, బావకి పది వేళ్ళూ ఉన్నాయి అని చెప్పి వచ్చేశానే, అని నవ్వాడు, అది నవ్వు కాదు, దగ్గు, మూడో రోజు నేనే చెప్పాను, ఒంటిగంట నలభై ఐదుకి జనం ఉన్నచోట నిలబడు మామయ్యా, ఆ టైముకి ఎవరు ఫోను చూస్తున్నారో చూడు, అని, ఇంత పొడుగు మాట నా నోట్లోంచి వచ్చినందుకు నాకే ఆశ్చర్యం, ఆయన బస్టాండులో నిలబడి చూసి రెండింటికి ఫోను చేశాడు, అందరూ చూస్తున్నారే అమ్మడూ, అన్నాడు, ఒక్కడు కూడా తల ఎత్తలేదు, ఎవర్నని అడగను, నిన్న గొంతు పూర్తిగా పోయింది, అడిగీ అడిగీ, ఇంకో రెండ్రోజులుంటే నన్నే తప్పిపోయినవాడనుకుని మీకు ఫోను చేస్తారు అన్నాడు, ఈ ఒక్క రోజు మామయ్యా, ఆ ఒకరు రోజూ చూస్తున్నారు, నిన్న కూడా తొమ్మిదిసార్లు, అన్నాను, సరేలే, అన్నాడు, నువ్వు చెప్పావంటే ఉంటుంది, అన్నాడు, ఆ మాట నిన్నటినుంచి నా మీద కూర్చుని ఉంది, నువ్వు చెప్పావంటే ఉంటుంది, నేను చెబితే నమ్మే మనిషి ఒకరు నాకు ఎప్పుడూ కావాలనిపించేది, వచ్చాక ఇంత బరువుగా ఉంటుందనుకోలేదు.

ఆసుపత్రి వెనక గేటు, బట్టలుతికే గది, తలుపు తీయగానే వేడి ముఖానికి కొడుతుంది, గోడంత మిషన్లు, గుండ్రటి కిటికీల్లో తెల్ల దుప్పట్లు తిరుగుతున్నాయి, అమ్మ ఇక్కడ దుప్పట్లు మడతపెడుతుంది, ఒక కొస అమ్మ, ఇంకో కొస మడతల అక్క, ఇద్దరూ దగ్గరికొచ్చి దూరం జరిగి మళ్ళీ దగ్గరికొస్తారు, రోజుకి నాలుగు వందల దుప్పట్లు, మడతల అక్క ఒక్కతే బల్ల మీద కాళ్ళు చాపుకుని కూర్చుంది, ఓహో, దొరసాని దిగిందే, అంది, మీ అమ్మ డబ్బా మర్చిపోయి పొద్దున్నించీ నన్ను సాధిస్తోంది, నా డబ్బాలో సగం తినవే అంటే వినదు, వెనక మెట్ల మీద ఉంది చూడు, విరామం పావుగంటే, తొందరగా తినిపించు, అంది, నేను తల ఊపి సబ్బుపొడి డ్రమ్ముల పక్కనుంచి నడుస్తూ ఫోను చూసుకున్నాను, ఒంటిగంట నలభై ఆరు, పేజీ తెరిచే ఉంది, ఇప్పుడు పేజీలో ఉన్నవారు ఒకరు, రేవు పట్నం, ఇప్పుడే, ఈ నిమిషంలోనే, అక్కడ, మామయ్య ఎక్కడ నిలబడ్డాడో, కాస్త పక్కకి తిరిగితే చాలేమో, ఒక్క అడుగు, ఆరబెట్టిన దుప్పట్ల వరస అవతలనుంచి నాన్న మాట వినిపించింది.

అర్థమైందా, అర్థం కాకపోతే మళ్ళీ మొదటినుంచి చూపిస్తా.

కాళ్ళు ఆగిపోయాయి, నాన్నా అన్నాను, లేదా అనలేదు, దుప్పటి కింద మెట్ల మీద రెండు పాదాలు కనిపిస్తున్నాయి, అమ్మవి, నవ్వు వినిపించింది, ఆగింది, వేలు తగిలిన చప్పుడు కూడా విన్నాననుకుంటాను, మళ్ళీ మొదటినుంచి మూత గీరుకున్న శబ్దం, నా చేతిలో ఫోను మీద అంకె ఒకటి పెరిగింది, అమ్మ ఒళ్ళో ఒకసారి, నా చేతిలో ఒకసారి, అప్పుడు, ఎందుకో అప్పుడే, షాపాయన పేజీకి లెక్క పెట్టిచ్చిన రోజు అన్న మాటలన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చాయి, మీ ఇంట్లో ఫోన్లు లెక్కలోంచి తీసెయ్యమ్మా, లేకపోతే మిమ్మల్ని మీరే లెక్కపెట్టుకుంటారు, అన్నాడు, నాది తీసేశాను, మామయ్యది తీసేశాను, అమ్మది తియ్యలేదు, అమ్మకి ఫోనులో పచ్చ గుర్తూ ఎర్ర గుర్తూ తప్ప ఇంకేం తెలుసని, షాపాయనే, ఊరు పేరుని మాత్రం పట్టుకుని వేలాడొద్దు, మనం ఎక్కడున్నా ఫోను కంపెనీ తీగ ఎక్కడ తేలితే ఆ ఊరు చూపిస్తుంది, నేను ఈ కుర్చీలో కూర్చుని చూసుకుంటే నన్ను సముద్రం ఒడ్డున ఉన్నావంది, ఖర్చు లేకుండా సముద్ర స్నానం, అని కూడా అన్నాడు, నవ్వాడు, నేను నేల మీద కాగితం ముక్కలు చూస్తూ ఊ అన్నాను, ఏ సముద్రమండీ అని ఒక్క మాట అడిగి ఉంటే, మూడు ముక్కల మాట, అది అడగడానికి ఎంత గొంతు కావాలి.

దుప్పటి పక్కకి తొలగింది, ఎప్పుడొచ్చావే, అంది అమ్మ, ఫోను ఒళ్ళో బోర్లా పెట్టేసింది, దొంగతనం చేసినదానిలా, నేను ఆ ఫోను వైపే చూస్తున్నాను, అలా చూడకు, మడతల అక్కే పెట్టిచ్చింది, ఇది నొక్కితే వస్తాడంది, నొక్కుతున్నా, అంది, డబ్బా తీసుకుని పక్కన పెట్టింది, మూత తియ్యలేదు, ఎప్పటినుంచమ్మా అన్నాను, ఈసారి వినిపించినట్టుంది, ఆ రోజు సున్నా అని చదివి కంచం ముందునుంచి లేచిపోయావు చూడు, ఆ మర్నాటినుంచి, ఒక్కరన్నా చివరిదాకా చూస్తే దీని ముఖం కాస్త తేరుకుంటుందిలే అని చూశాను, నాది పడిందో లేదో తెలీదు గానీ, ఆ సాయంత్రమే ఆ ఊళ్ళో ఎవరో పుణ్యాత్ములు చూశారని నువ్వు చదివావు, రెండ్రోజులకి గంతులేశావు, అప్పట్నించీ వాళ్ళ పక్కన నాదొకటి పడితే ఇంకా బాగుంటుందని రోజూ చూస్తున్నా, అంది, ఉన్నట్టుండి గొంతు తగ్గించి, నాకన్నా చిన్నదానిలా, ఇవాళ ఇద్దరని పడిందా, అని అడిగింది, నేను ఫోను వైపు చూశాను, అమ్మ వైపు చూశాను, నుదుటి మీద ఆవిరి చెమట, వేళ్ళ చివర్లు ఉడికి ముడతలు పడి తెల్లగా ఉన్నాయి, ఆ వేళ్ళే పన్నెండు రోజులుగా నాన్నని ఒక్క సెకను కూడా వదలకుండా ముప్పై నాలుగు సెకన్లూ చూశాయి, మిగతా అందరూ జరిపేస్తుంటే, నిజంగా చూసినది ఒక్కటే ఒక్కటి నా లెక్కలో పడింది, దాన్ని పట్టుకునే నేను మామయ్యని ఊరు దాటించాను, ఇక్కడ ప్రకటన ఆపేశాను, ఈ వీధుల్లోనే ఎక్కడో మూతలెత్తుతూ తిరుగుతున్న మనిషిని ఐదు రోజులు ఎవరూ వెతకలేదు, ఫోను మోగుతోంది, మామయ్య, రెండు కావస్తోంది కదా, ఎత్తు, అంది అమ్మ, ఎవరన్నా కనిపించారేమో, అంది, వేలు పచ్చ గుర్తు మీద పెట్టాను, అమ్మకి నిజం చెప్పొచ్చు, చెప్పకపోవచ్చు, మామయ్యకి మాత్రం చెప్పాలి, అక్కడ ఎవరూ లేరు, మొదటినుంచీ ఎవరూ లేరు, వచ్చెయ్యి అని చెప్పాలి, వచ్చేస్తాడు, నాకోసం మళ్ళీ ఎక్కడికైనా వెళ్తాడు కూడా, కానీ ఆయన్ని మళ్ళీ పంపడానికి మా దగ్గర ఇంకో ఊరి పేరు లేదు.